నిలబడ్డ గుర్రం మీదికెల్లి పడుడు

మా పెద్దబాపు గుర్రం కొన్నది 1997ల. అప్పటికి ఆయనకు అరవై మూడేండ్లు, రెండు మోకాళ్ళు అరిగినయి, పొద్దున ఒకటి రాత్రి ఒకటి బీపీ గోలీలు ఏసుకుంటుండె. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే. మాలేగావ్ జాతరల మొక్కున్నది, చెల్లించుకొని వస్తనని పోయిండు, మూడోనాడు పొద్దుగాల డీసీఎం వ్యాను వచ్చి ఇంటి ముందల ఆగింది, ముందు గుర్రం దిగింది, ఎనుక ఈయన దిగిండు. పెద్దమ్మ ఒక్క మాట అనలే. లోపటికి పోయి తలుపేసుకున్నది. ఆ దినం నుంచి గుర్రాన్ని "సవతి" అనే పిలిచేది, "మీ సవతికి నీళ్ళు పెట్టిండ్రా" అని మమ్మల్నే అడిగేది, అది మాకు సవతి ఎట్లైతదో ఎవరికీ తెల్వది గని నవ్వితె తిట్లు పడుతుండె.

గుర్రం పిచ్చి ఎక్కడిదంటె, మా తాత నిజాం జమానల పట్వారి. బోధన్ దిక్కు మూడు నాలుగు ఊర్ల లెక్కలు ఆయన చేతులనే ఉండె. పహాణీల (భూమి లెక్కల) బస్త జీనుకు కట్టుకొని గుర్రం మీదనే తిరుగుతుండెనంట, తాసిల్దార్ సాబ్ దౌరాకొస్తె ఊరి పొలిమేర దాక గుర్రం మీదనే ఎదురువోతుండెనంట. పెద్దబాపు చిన్నగున్నప్పుడు తాత ముందల కూసొని కళ్ళెం పట్టుకున్నోడే. 1948ల పోలీస్ యాక్షన్ అయినంక ఆ గుర్రం మా ఇంట్లకెల్లి పోయింది (అమ్మిండ్రా, ఎవరన్న ఎత్కపోయిండ్రా అన్నదాని మీద ఇప్పటికీ మా ఇంట్ల రెండు మాటలున్నయి, ఆ పంచాయతి ఇక్కడ పెట్టను). తర్వాత పెద్దబాపు కూడ పట్వారీ అయిండు గని ఆయన నౌకరంతా సైకిల్ మీదనే గడిచింది. 1984 మొదట్ల ఎన్టీ రామారావు సర్కారు ఆర్డినెన్సు తెచ్చి ఆ పోస్టులే తీసేస్తే దస్తర్ అప్పజెప్పి ఇంటికొచ్చి కూసున్నడు. పొలం చూసుకుంట ఉండె. పొలం నిజాంసాగర్ కాలువ అవతల, నడిస్తె మోకాళ్ళు లేస్తలేవని అన్నలు టీవీయెస్ కొనిచ్చిండ్రు. అది ఆయనను తీస్కపోయి సక్కగ కాలువలనే పడేసింది. బురదల నుంచి లేపి ఇంటికి తెచ్చినంక ఆయన అన్న మాట మా ఇంట్ల ఇంకా నడుస్తది, "గా బండికి కండ్లున్నయారా? గుర్రానికుంటయి. కాలువ కనవడితె ఆగుతది."

ఇగ అంతే, ఆ మార్గశిరం ఆఖర్ల మాలేగావ్ పోయిండు. మాలేగావ్ అంటె నాసిక్ దిక్కు పవర్‌లూములున్న మాలేగావ్ గాదు, నాందేడ్ జిల్లా లోహా తాలూకల ఉన్నది. మన మల్లన్నే అక్కడ ఖండోబా, మన దిక్కుకెల్లి గొల్లలు కురుమలు మస్తుమంది పోతరు, పసుపు ఎగజల్లుకుంట "యేళ్‌కోట్ యేళ్‌కోట్ జై మల్హార్" అని ఒర్రుతరు, మొఖం బట్టలు రోడ్డు అన్నీ పచ్చగనే ఉంటయి. దాని పక్కనే గుర్రాలు, గాడిదెలు, ఒంటెల అంగడి. నేను తర్వాత ఓ ఏడు పోయి చూసిన. బేరం నోటితోని చెయ్యరు, తువ్వాల కింద ఇద్దరూ చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుంటరు, ఎన్ని వేళ్ళు పట్టుకుంటె అన్ని వేల రూపాయలు, పక్కోనికి తెల్వది. పెద్దబాపు చెయ్యి తువ్వాల కిందకెల్లి బయటికొచ్చేసరికి 11 వేలైనయి. ఆడగుర్రం, ఎర్రటి ఒళ్ళు, నల్ల జూలు, రెండు ఎనుక కాళ్ళకు తెల్ల మేజోళ్ళు తొడిగినట్టు ఉండె. పేరు మోతి. సుళ్ళు ఒక్కటొక్కటి చూసుకొనే కొన్నడంట, కంటి కింద సుడి ఉంటె యజమానిని ఏడిపిస్తదని అంటరు గద, అది లేదు. వయసు ఏడేండ్లని చెప్పిండ్రంట.

మాలేగావ్ కెల్లి నాందేడ్, నాయగావ్, బిలోలి, సాలూర కాడ మంజీర దాటి మన దిక్కొచ్చుడు. దార్ల గుర్రం తన్నకుండ ఆయన దాని పక్కనే నిలబడి వచ్చిండు, రాత్రంత నిలబడి వచ్చిన మనిషి ఇంటికాడ డీసీఎం దిగేటప్పుడు మడిమె మర్లి కింద కూలవడ్డడు. గుర్రం తోని ఆయన పడుడు మొదలైంది గట్ల, ఇంకా ఎక్కకముందే.

తెల్లారి బోధన్ స్టేషన్ కాడ టాంగా తోలిన ముసలాయన ఒగాయనను పిలిపిచ్చిండ్రు. మేమందరం చాచా అంటుంటిమి. అప్పటికి టాంగాలు పోయినయి, ఆటోలొచ్చినయి, చాచా ఖాళీగనే ఉండె. వచ్చుడుతోనే మోతి మెడ మీద చెయ్యేసి ఏదో గుసగుస మాట్లాడిండు, పై పెదిమె ఎత్తి పండ్లు చూసిండు. నేను పక్కనే ఉన్న. చిన్న వయసు గుర్రానికి ముందల పండ్ల నడిమిట్ల నల్లటి గుంతలుంటయంట, నమిలి నమిలి అవి అరుగుతయి, కింది పండ్లయి ఎన్మిదేండ్లు వచ్చేసరికి దాదాపు పోతయి, వయసు పెరిగినకొద్ది పండ్లు నిటారుగ ఉండకుండ ముందటికి ఒరుగుతయి. మోతివి పొడుగ్గ, పసుపచ్చగ, ముందటికి వంగి ఉండె. చాచా పెదిమె కిందికి దించి పెద్దబాపు దిక్కు చూసి "పట్వారీ సాబ్, ఏడు కాదు, దీనికి రెండేడులు, పద్నాలుగు దాటినయి" అన్నడు. పెద్దబాపు ఏమాత్రం చలించలే. "నాకు తెల్సు" అన్నడు. తెల్వదని అందరికీ తెల్సు.

నాకు ఆ రెండేండ్లల సమజైన ముచ్చట ఒక్కటే. గుర్రం ఉరుకుతుంటె పడుతమని మనం భయపడతం గని పెద్దోళ్ళు గట్ల పడరు, అసలు ఉరికిస్తె గద. వాళ్ళు పడేదంత నిలబడ్డ గుర్రం కాడనే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, తాడు కట్టేటప్పుడు, దాణా పెట్టేటప్పుడు. పెద్దబాపు దౌడు తీసినప్పుడు ఒక్క పారి పడలే, ఆ మాట ఆయన కూడ గర్వంగ చెప్తుండె.

మొదటిది జీను. పొట్ట కిందికెల్లి జీనును పట్టి ఉంచే పట్టె ఉంటది, చాచా తంగ్ అంటుండె. దాన్ని గుంజి కట్టేటప్పుడు తెలివిగల్ల గుర్రం ఊపిరి బిగవట్టి పొట్ట ఉబ్బిస్తది. మనం మంచిగ బిగిసిందనుకుంటం, అది నెమ్మదిగ ఊపిరి ఇడుస్తది, పట్టె లూజైతది. చాచా లేని దినం పెద్దబాపు తనే కట్టుకున్నడు, అరుగు పక్కకు తెచ్చి నిలబెట్టి, ధోతి ఎగజెక్కి, ఎడమ కాలు రికాబుల (జీనుకు వేలాడే, పాదం పెట్టే కడియంల) పెట్టి, "హుమ్" అని లేసిండు. జీను ఆయనతోని పాటు నెమ్మదిగ ఇవతలికి తిరుగుడు వెట్టింది. తిరిగి తిరిగి ఆయన పక్కకు వేలాడిండు, జీను గుర్రం పొట్ట కిందికొచ్చింది, ఆయన అరుగుకూ గుర్రానికీ నడిమిట్ల జారి కూసున్నడు. మోతి ఒక్క అడుగు కదలలే. తల తిప్పి చూసిందంతే. నేనే కాలు రికాబుల నుంచి తీసిన, పాదం మొత్తం లోపటికి దూరి మడిమె దాక ఇరుక్కొని ఉండె. అదే గుర్రం బెదిరి ఉరికి ఉంటె ఏమయ్యేదో ఆలోచిస్తె ఇప్పటికీ కడుపుల దేవినట్టయితది. చాచా తెల్లారి వచ్చి తిట్టిన తిట్లకు లెక్క లేదు. పట్టె కట్టినంక గుర్రాన్ని నాలుగడుగులు నడిపిచ్చి మళ్ళ గుంజాలె, రికాబుల ముందుపాదమే పెట్టాలె, ఈ రెండు మాటలు ఆ దినం నుంచి పెద్దబాపు నోట్ల జపమైనయి, ఎవరు కనవడ్డ చెప్పుడే.

ఆయన దోస్తు ఒకాయన, రిటైర్డ్ హెడ్మాస్టర్. మేము సారే అంటుంటిమి, ఆయన దగ్గరనే చదువుకున్నం. ఈయన గుర్రమెక్కి పొలం పోతుంటె ఆయనకు మనసు నిలవడలే. నడుము నొప్పికి బెల్టు పెట్టుకునే మనిషి, ఓ దినం సాయంత్రం ఎవరూ చూడకుండ ఎక్కిస్తవా అని అడిగిండు. ఎవరూ చూడొద్దంటె ఊరంత తెల్వదా? ఎక్కుడు మంచిగనే ఎక్కిండు, స్టూలేసి ఎక్కిచ్చిండ్రు, వాకిట్ల రెండు చుట్లు తిరిగిండు, మొఖంల వెలుగు చూడాలె, ఆ సంతోషం బడిల ఎన్నడు చూడలే మేము. దిగుమంటె మాత్రం కుడి కాలు లేస్తలేదు. తుంటి పట్టేసింది. అవతలి కాలు గుర్రం నడుము మీదికెల్లి ఇటు తేవాలె గద, అది జానెడు గూడ లేస్తలేదు. ముందటికి వంగుమంటె నడుము బెల్టు వంగనిస్తలేదు. పట్టుకొని గుంజుతమంటె "ముట్టుకోకుండ్రి" అని ఒర్రిండు. గట్లనే కూసున్నడు. చీకటి పడ్డది. మోతి నిలబడే కండ్లు మూసింది, గుర్రాలు నిలబడి నిద్రపోతయి గద, సారు దాని మీద కూసొని మాకు ఎనిమిదో తరగతిల చెప్పిన పద్యాలు చదువుకుంట ఉండె, నొప్పి మర్సిపోవటానికో సిగ్గు మర్సిపోవటానికో. చివరికి పెద్దమ్మనే లోపటికెల్లి ఒచ్చి, ఎడ్ల బండి తెచ్చి పక్కకు ఆనియ్యుండ్రి, బండి మీద నాలుగు గడ్డి మోపులేసి ఎత్తు చెయ్యుండ్రి, సారును పక్కకు ఒరిగి పండుకొమ్మనుండ్రి అని చెప్పింది. గడ్డి మీద పండుకొని దిగిండు సారు. ఆ తర్వాత మళ్ళ ఎక్కలే గని రోజూ బెల్లం ముక్క తెచ్చి మోతికి తినిపిస్తుండె. అది గూడ వేళ్ళు మడిచి పట్టుకొని ఇస్తుండె, అరచేయి చాపి ఇవ్వాలని చాచా మొత్తుకుంటనే ఉన్నడు, ఓ దినం బెల్లం తోని పాటు చిటికెనేలు గూడ మోతి పండ్లకు దొరికింది. కుట్లు పడ్డయి. దవాఖానల తలుపు సందుల పడ్డదని చెప్పిండంట.

మోతి పాత నౌకరి ఏందో మాకు మాఘమాసంల తెలిసింది. పెద్దబాపు బోధన్‌ల బ్యాంకు పని చూసుకొని గుర్రం మీదనే వస్తుండె (బ్యాంకు కాడ గుర్రాన్ని ఎక్కడ కట్టేసిండని మాత్రం అడుగకుండ్రి). దార్ల పెండ్లి. బ్యాండోళ్ళు మొదలువెట్టిండ్రు. అంతే, మోతి రోడ్డు నడిమిట్ల ఆగింది, మెడ వంచింది, ముందు కాళ్ళు ఒక్కటొక్కటి ఎత్తి ఏసుడు మొదలువెట్టింది. అది బారాత్ గుర్రం. ఏండ్లకేండ్లు పెండ్లి కొడుకులను మోసి బ్యాండుకు ఆడుడు నేర్చిన గుర్రం. కళ్ళెం గుంజితె ఇంకింత జోరుగ ఆడుతది, ఎందుకంటె దానికి నేర్పిచ్చిందే గట్ల. మడమతోని పొడిస్తె రెండు కాళ్ళ మీద లేవబోతది. బ్యాండు మాస్టర్‌కు హుషారొచ్చింది, పెండ్లి పిల్లగాండ్లు చుట్టు చేరిండ్రు, ఎవడో పది రూపాయల నోటు పెద్దబాపు తల చుట్టూ తిప్పి బ్యాండోళ్ళకు ఇచ్చిండు, ఇంకోడు సక్కగ ఆయన అంగి జేబులనే పెట్టిండు. ఒకప్పుడు మూడూర్ల భూములు రాసిన పట్వారీ, తెల్లటి ధోతి, చంకల గొడుగు, నడిరోడ్డు మీద ఎగిరే గుర్రం మీద కూసొని ఎవరి దిక్కు చూడాల్నో తెల్వక బ్యాంకు పాస్‌బుక్కు తీసి చదువుతున్నట్టు చేసిండంట. పాట అయిపోయేదాక మోతి కదలలే. ఇంటికొచ్చి ఎవ్వరికీ చెప్పలే, మూడు దినాలకు పెండ్లోళ్ళ దిక్కు చుట్టం ఒకాయన వచ్చి చెప్తె తెలిసింది. పెద్దమ్మ ఆ దినం సంవత్సరంల మొదటి పారి నవ్వింది.

అందుకే గణపతి నిమజ్జనం నాడు, పీర్ల పండుగ నాడు మోతిని బయటికి తియ్యకపోతుండె. బతుకమ్మ పాటలకు మాత్రం ఆడేది గాదు. డప్పు, బ్యాండు ఉండాలె.

ఖర్చు ముచ్చట చెప్పకుంటె కథ సగమే. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని ఊకెనే అనలే పెద్దలు. ఉల్వలు ఉడికించాలె, తవుడు, గడ్డి, జొన్న సొప్ప. నెలా నెలన్నరకోసారి నిజామాబాద్ కెల్లి నాల్బంద్ రావాలె, పాత లాడాలు ఊడదీసి, గిట్టలు చెక్కి, కొత్తవి కొట్టాలె. ఆయన బస్సు కిరాయి, ఆయనకు అన్నం, పైసలు. పెద్దమ్మ పాల లెక్కల నోటుబుక్కుల ఎనుక పేజీల నుంచి మోతి ఖర్చు రాస్తుండె, పేరు రాయక "స" అని ఒక్క అక్షరం పెట్టేది.

అన్నిటికన్న భయపెట్టింది కడుపునొప్పి. ఉడకని ఉల్వలు సగం బస్త కాడికి తాడు తెంపుకొని పోయి తిన్నది, పైనకెల్లి నీళ్ళు తాగింది. మనిషైతె కక్కుకుంటడు, గుర్రం కక్కలేదు, దాని కడుపు మూతి నిర్మాణమే గట్లుంటది, లోపటికి పోయింది ఎనుకకు రాదు, కడుపు ఉబ్బి చచ్చిపోతయి గుర్రాలు. రాత్రి తొమ్మిదింటికి చూస్తె మోతి ఒళ్ళంత చెమట, డొక్కల దిక్కు తిరిగి తిరిగి చూస్తుంది, ముందు కాలుతోని భూమి గీరుతుంది, కింద పడి పొర్లవోతుంది. పొర్లితె పేగు మెలి పడుతదని భయం. పశువుల డాక్టరు వచ్చి సూది ఇచ్చి, ముక్కుల నుంచి పైపు దించి లిక్విడ్ పారాఫిన్ పోసిండు. ఇగ నడిపియ్యుండ్రి, పండుకోనియ్యకుండ్రి అన్నడు. చాచా డొక్కకు చెవి ఆనిచ్చి విన్నడు, మంచిగున్న గుర్రం కడుపుల గుడగుడ అని సప్పుడు వస్తనే ఉంటది, మోతి కడుపుల ఏం సప్పుడు లేదు. అందరం వంతులేసుకొని నడిపిచ్చినం గని పెద్దబాపు తన వంతు ఎవ్వరికి ఇయ్యలే, అరిగిన మోకాళ్ళతోని వాకిలి ఈ మూల కెల్లి ఆ మూలకు తెల్లారెదాక. కోడి కూసినంక మోతి తోక లేపింది. లద్దె ఏసింది. చాచా రెండు చేతులు పైకెత్తి "యా అల్లా" అన్నడు, సారు చప్పట్లు కొట్టిండు, పెద్దబాపు ఆ లద్దె కాడనే కూలవడి కూసున్నడు. తర్వాత పది దినాలు ఆయన మంచం దిగలే, మోకాళ్ళు కుండలైనయి. గుర్రం మాత్రం తెల్లారే గడ్డి కోసం సకిలించింది.

అమ్ముడు వరకు తెచ్చింది తాడు. మేతకు తీస్కపోయేటప్పుడు తాడు చేతికి చుట్టుకోవద్దు, మడిచి పట్టుకోవాలె, బెదిరితె ఇడిచిపెట్టొచ్చు. ఆయనకది తెల్సు. చెయ్యి వణుకుతుంది, పట్టు నిలవడ్తలేదు, అందుకే చుట్టుకున్నడు, ఆ సంగతి మాకెవ్వరికి చెప్పలే. కాలువ కట్ట మీద ముండ్ల కంపకు తట్టుకున్న ప్లాస్టిక్ కవరు గాలికి పటపటమన్నది. మోతి పక్కకు ఒక్క దుంకు దుంకింది. మూడు వందల కిలోల జంతువు ఒక్క దుంకు దుంకితె భుజం ఏం ఆగుతది? గూడ జారింది, అరచేయి తోలు లేచింది, కింద పడ్డప్పుడు మెడ కింది కాలర్ ఎముక విరిగింది. నిజామాబాద్ దవాఖానల అన్నలు ఇద్దరూ నిలబడి ఇగ చాలన్నరు. ఆయన కట్టు కట్టిన చెయ్యి దిక్కు చూసుకుంట "అది ఉరకలేదు గద, నా పక్కనే నిలబడ్డది" అన్నడు. నిజమే, మేము పోయేసరికి మోతి ఆయన పక్కనే గడ్డి మేసుకుంట ఉండె.

నిజామాబాద్ బారాత్ గుర్రాలాయనకు 9 వేలకు ఇచ్చిండ్రు. బేరం పెద్దమ్మనే చేసింది, తువ్వాల లేదు ఏం లేదు, నోటితోనే, గట్టిగనే. ఒంటి మీది బొంత ఇయ్యనన్నది. పైసలు నోటుబుక్కుల రాసి "స" పేజీ కింద గీత కొట్టింది.

పెద్దబాపు ఆ తర్వాత పదేండ్లు బతికిండు. ఏ పెండ్లికి పోయినా భోజనం కాడికి గాదు, సక్కగ బారాత్ గుర్రం కాడికే పోయేది. కర్ర పక్కకు పెట్టి, వంగి, పొట్ట కింది పట్టెలకు రెండు వేళ్ళు దూర్చి చూసేది. లూజుంటె గుర్రపాయనను పిలిచి మళ్ళ గుంజిపిచ్చేది. మా చిన్నక్క పెండ్లికైతె బ్యాండు మొదలైంది, పెండ్లి కొడుకు ఎక్కి కూసున్నడు, వాళ్ళ మేనమామలు టైమైతుందని తొందరపెడుతున్నరు, ఈయన గుర్రానికి అడ్డం నిలబడి "బిడ్డా, ఆ కాలు బయటికి తియ్యి, ముందుపాదం వరకే పెట్టు. ఆ, గట్ల. ఏయ్ నువ్వు, నాలుగడుగులు నడిపిచ్చి ఇంకో పారి గుంజు, అప్పటిదాక బ్యాండు బంద్" అంటున్నడు.